కడగని చంద్రిక

నాకు అక్షరాలు వచ్చేసరికి నా మనవరాలికి పళ్ళొచ్చాయి. ముందు నేర్చుకున్నది కన్నడం. చింతామణి దగ్గర మా ఊళ్ళో పెద్దవాళ్ళ తరగతిలో చెప్పింది అదే. తెలుగు మా ఇంట్లో నోటికే ఉండేది. దాని అక్షరాలు నేర్పింది సరిహద్దు అవతలి నుంచి వచ్చిన నా కోడలు. అందుకని ఆమె సంగతి ఈ అక్షరాల్లోనే రాస్తున్నాను.

కోడలు కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తుంది. బిడ్డ కోసం నాలుగేళ్ళు ఇంట్లో ఉండిపోయి, పోయిన ఏడాది చిక్కబళ్ళాపురంలో ఒక చిన్న ఆఫీసులో చేరింది. మూడు నెలలు చూస్తామన్నారు. ఒక పని ఇచ్చారు, అది నిలబడితే ఉద్యోగం నిలబడుతుంది. నాలుగేళ్ళు ఖాళీగా ఉన్నదాన్ని ఇంకెవరు పిలుస్తారని ఆమె భయం. ఖాళీ అన్నవాళ్ళు మా ఇంట్లో రెండు రోజులుండి చూడాలి.

పని పట్టుపురుగులది. పురుగులు నాలుగుసార్లు కుబుసం విడుస్తాయి. విడిచే ముందు మేత మాని, తలెత్తి, కదలకుండా ఉంటాయి. మేం దాన్ని జ్వరం అంటాం. తట్టలో ఉన్నవన్నీ కుబుసం విడిచి లేచాకే ఆకు వేయాలి. తొందరపడితే ముందు లేచినవి తిని బలుస్తాయి, మిగతావి వెనకబడతాయి, పంట ఎగుడుదిగుడవుతుంది. రైతు పురుగులను చూసి ఫోనులో ‘లేచాయి’ అని నొక్కితే, ఎంతసేపాగి ఎంత ఆకు వేయాలో ఆ ఇంటికి సందేశం పోవాలి. ముందుగా మూడిళ్ళలో పెట్టి చూశారు. మాది ఒకటి, చాకవేలులో ఒకటి, మురుగమల్ల పక్కన ఒకటి. వాటిని నడిపే చిన్న కంప్యూటరు డబ్బా మా ఇంట్లో గోడకు తగిలించి ఉండేది.

ప్రోగ్రామును ఆమె ఒకే ముద్దగా రాయలేదు. ఒక ముక్క రైతు నొక్కిన జవాబు తీసుకుంటుంది, ఒకటి వేళ లెక్కగడుతుంది, ఒకటి సందేశం పంపుతుంది.

“ఒకసారి రాస్తే ఎవరైనా పిలిచి వాడుకోవచ్చు, అత్తా. రేపు పాలడెయిరీ వాళ్ళకు కావాలన్నా ఇదే ముక్క.”

“చంద్రికల మాదిరా?” అన్నాను. పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు అల్లికలు అవి. అందరి దగ్గరా సరిపడా ఉండవు. ఈ ఇంట్లో పంట దిగితే ఇంకో ఇంటికి పోతాయి.

“అంతే. చంద్రికే అనుకో” అని నవ్వింది.

ప్రతి ముక్కనూ విడివిడిగా పరీక్షించింది. సందేశం వస్తే నన్ను చదవమనేది. నేను కూడబలుక్కుని చదివేదాకా ఆగేది. నాకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుందట. అది పొగడ్తో తిట్టో నేను అడగలేదు. అన్నీ బాగానే వచ్చాయి.

రెండో నెలలో ఒక ఉదయం మురుగమల్ల రైతు ఫోను చేశాడు. పక్కగదికి వినపడేంత గొంతు.

“ఏమమ్మా, జ్వరంలో ఉండే పురుగుకు మేత వేయమంటాదా మీ డబ్బా? నేను చింతామణి మార్కెట్లో ఉండాను. మెసేజు చూసి మా ఆడమనిషికి వేయమంటిని. ఆమె పురుగుల మొహం చూసి నిలిపింది గానీ, రెండు తట్టలకు పడిపాయె!”

“చూసి చెప్తానప్పా” అని కోడలు ఫోను పెట్టేసింది. డబ్బా ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి కారణం దొరికింది. జవాబు తీసుకునే ముక్క దగ్గర పలక లాంటిది ఒకటి ఉంటుందట. ఒక ఇంటి జవాబు దాని మీద రాసుకుంటుంది, పని అయ్యాక తుడిచేస్తుంది. చాకవేలు వాళ్ళు ‘లేచాయి’ అని నొక్కిన నిమిషంలో మా ఊళ్ళో కరెంటు పోయింది. పలక తుడవలేదు. కరెంటు వచ్చాక ఆ ముక్క మురుగమల్ల ఇంటి పని అందుకుంది. పలక మీద చాకవేలు మాటే ఉంది, దాన్నే మురుగమల్లదనుకుని సందేశం పోయింది.

“ఇరవైసార్లు పరీక్ష చేసినాను కదత్తా. ఒక్కసారీ తప్పు రాలేదే.”

“ఇరవైసార్లూ పని ముగిసేదాకా కూర్చుంటివి. మన కరెంటు ముగియనిస్తాదా? సరే, తుడిచేది చివర్లో ఎందుకు పెట్టినావు?”

“వాడినాక తుడిచి పెట్టేదే కదా పద్ధతి.”

“చంద్రిక ఇంట్లోకి వస్తానే కడుగుతాం మేము. ఇచ్చినోళ్ళు కడిగినామని చెప్పినా సరే, మళ్ళీ కడిగి ఎండబెట్టాల్సిందే. పోయేటప్పుడు కడిగింది ఎవరు చూసినారు?”

ఆమె నా మొహం చూసింది. “అంత గట్టిగా చెప్తాండావే?”

అప్పుడు చెప్పాను. చాలా ఏళ్ళ కిందట పక్కింటామె నా చంద్రికలు అడిగింది. కడగలేదు, కడిగానన్నాను. వాళ్ళింట్లో ఎవరికో జబ్బుగా ఉండి, కడిగే తీరిక లేక ఆమె నా మాట నమ్మి అట్లాగే వాడింది. నా పాత పంట తెగులు తగిలి, గూడు కట్టకుండానే పురుగులు సున్నపు ముక్కల్లా బిగుసుకుని చచ్చాయి. ఆకు మంచిది కాదని అందరూ అనుకున్నారు. నేను కూడా అవునన్నాను.

కోడలు ఫోను తీసుకుంది. ముందు మురుగమల్లకే చేసింది. “తప్పు నాదేనప్పా. డబ్బాది కాదు, నేను రాసింది తప్పు. ఆ రెండు తట్టలూ వేరేగా పెట్టుకోండి” అంది. తరువాత ఆఫీసుకు చేసి అదే మాట చెప్పింది. కరెంటు మీద తోసేయడానికి దారి ఉంది. తోయలేదు. ఆఫీసాయన సోమవారం డబ్బాతో రమ్మన్నాడట. ఉద్యోగం ఉంటుందనీ అనలేదు, పోతుందనీ అనలేదు.

సోమవారం దాకా ఉన్న రెండు రోజులూ డబ్బా స్విచ్చు నా చేతిలో ఉంది. తుడిచే పని ముక్క మొదట్లోకి మార్చింది. నన్ను గోడ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టింది. “ఇప్పుడు ఆపు. వెయ్. ఈసారి నాకు చెప్పకుండా ఆపు.” జవాబు రాకముందు ఆపాను, వచ్చాక ఆపాను, సందేశం సగంలో ఆపాను. ఒకసారి మనవరాలి మీద కోపంతో ఆపాను, దాన్ని కూడా లెక్కలో రాసుకుంది. ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి పోలేదు.

సోమవారం ఆఫీసులో కూడా ఆయన చేత్తోనే వైరు లాగించిందట. మధ్యలో ఆపి చూడాలని ఎవరు చెప్పారని అడిగితే మా అత్త అని చెప్పింది. మూడో నెల ముగిశాక ఉద్యోగం ఖాయం చేశారు. ముందు చేసినవాళ్ళు తప్పు ఎక్కడుందో చెప్పకుండా పోయేవారని ఆయన అన్నాడట. మురుగమల్ల రైతు మరుసటి పంటకు మళ్ళీ పెట్టించుకున్నాడు. అయితే మార్కెట్టు నుంచి ఫోనులో మేత వేయించడం మానేశాడు.

ఇప్పుడు పాలడెయిరీ పని మొదలుపెట్టింది. పాత ముక్కలే పిలుస్తోంది. స్విచ్చు నా పనే.

పక్కింటామెకు నేను ఇంకా చెప్పలేదు. కోడలు రెండు ఫోన్లలో చేసిన పని నాకు ఇన్నేళ్ళయినా చేతకాలేదు. ఆమెకు అక్షరాలు రావు. ఈ కాగితాలు తీసుకుపోయి నేనే చదివి వినిపించాలి.