పెనాల్టీ బాక్స్‌లో పలకరింపు

జాతీయ స్థాయి ఐస్ హాకీ జట్టొకదాన్ని ఒంటిచేత్తో సెమీఫైనల్లో ఓడించిన తెలుగువాణ్ని నేనే. ఆ చేతిలో హాకీ కర్ర ఉందనుకునేరు! స్కేట్లు వేసుకుంటే నేను నిలబడను కూడా లేను. అసలా చేయి ఏమీ చేయకపోవడమే అప్పుడు జరిగిన ఘోరం.

అమెరికాలో, టెక్సస్‌లోని కాపెల్‌లో ఉద్యోగంలో చేరిన కొత్త. ఇంటి నుంచే పని. రూమ్మేట్ పెళ్లి చేసుకుని వేరే వెళ్లిపోయాడు. ఇక నాతో రోజూ మాట్లాడేవాటిలో కిరాణా కొట్లో బిల్లు వేసే యంత్రం మొదటిది, కారులో దారి చెప్పే గొంతు రెండోది. మూడోది లేదు. ఆ గొంతు ఇంకో మాట మాట్లాడుతుందని, తెలిసిన రోడ్డులో కూడా కావాలని తప్పు మలుపు తిరిగేవాణ్ని.

అలాంటి రోజుల్లో మా దగ్గరి రింక్‌లో యూత్ ఐస్ హాకీ జాతీయ పోటీలు పెట్టి, వలంటీర్లు కావాలన్నారు. మనుషులుంటారు కదా అని పేరిచ్చాను. నన్ను పెనాల్టీ బాక్స్‌లో కూర్చోబెట్టారు. తప్పు చేసిన ఆటగాడు రెండు నిమిషాలు ఆ అద్దాల గదిలో ఉండాలి. అంతసేపూ వాళ్ల జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. గడువు ముగియగానే నేను గడియ తీసి వదలాలి. అంతే పని.

"ఇందులో తప్పు చేయడానికేమీ లేదు," అంది పక్కన స్కోరు చూసే లిండా. పాపం, ఆవిడకు నా సంగతి అప్పటికింకా తెలియదు.

సెమీఫైనల్. చివరి పీరియడ్. స్కోరు సమం. ఓడినవాళ్లు ఇంటికే. ఒక కుర్రాడు ఎవరినో గోడకేసి నెట్టి, శిక్ష పడి, వచ్చి నా పక్కన కూలబడ్డాడు. వీపు మీద పేరు ఒక చంక దగ్గర బయల్దేరి రెండో చంక దాకా వంపు తిరిగింది: యలమంచిలి.

నాకు ప్రాణం లేచొచ్చింది.

"తెలుగా బాబూ?"

"యా, అంకుల్."

ఇరవై ఆరేళ్లకే అంకుల్! అయినా క్షమించేశాను.

"మీదే ఊరు?"

"ఫ్రిస్కో."

"అది కాదమ్మా, అసలు ఊరు. మీ నాన్నగారిది."

"ఐ థింక్... గుడివాడ సైడ్."

ఇంకేం! మా పెద్దమ్మ తోడికోడలి పుట్టింటివాళ్లు యలమంచిలివాళ్లే, వాళ్లదీ అటే. చుట్టరికం తేలకపోతుందా అని ఆవిడ తాతగారి దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

"అంకుల్, డోర్..."

"చలేస్తోందా? వేసే ఉందిలే నాన్నా. ఆ, వాళ్ల రెండో అన్నయ్యకి రైస్ మిల్లు..."

పిల్లవాడు నోరు తెరిచాడు, మూశాడు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అడ్డురాకూడదని వీణ్నెవరో చాలా చక్కగా పెంచారు. లిండా అద్దం మీద దబదబా బాదుతోంది. అటు బెంచీ దగ్గర కోచ్ రెండు చేతులూ ఊపుతున్నాడు. నన్ను చూసి ఎవరైనా చేయి ఊపి చాలా కాలమైంది. నేనూ ఊపాను.

అవతలి జట్టు గోల్ కొట్టింది.

అప్పుడు చూశాను గడియారం. కుర్రాడి శిక్ష ఎప్పుడో ముగిసింది. మిగిలిన శిక్షంతా నేను వేసిందే. గడియ తీశాను, వాడు బాణంలా దూసుకెళ్లాడు, కానీ స్కోరు మళ్లీ మారలేదు.

ఆట అయ్యాక వాడి తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"డోర్ తీయనిది మీరేనా?"

"నేనేనండీ. సారీ అండీ. మాటల్లో పడి..."

"మాటలా?" ఆవిడ కోపం అక్కడే ఆగిపోయింది. "మావాడు మాట్లాడాడా? ఇంట్లో నోరే విప్పడండీ! ఏం మాట్లాడాడు, చెప్పండి?"

ఆశగా చూస్తోంది. ఎంత వెతికినా పెద్దగా ఏమీ దొరకలేదు.

"తలుపు తీయమన్నాడండీ," అన్నాను.

కారు స్టార్ట్ చేయకుండా పార్కింగ్ లాట్‌లో చాలాసేపు కూర్చున్నాను. నెలల తర్వాత అంత ఆనందంగా సాగిన సంభాషణలో రెండో మనిషి లేడని అక్కడ తెలిసింది.

కాబట్టి మంచు మీద తిరిగే సకల దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఎవరు నా పక్కన చిక్కినా ముందు తలుపు తీస్తాను. తీశాక కూడా కూర్చునే ఉంటే, అప్పుడు మాట్లాడతాను.