మొద్దక్షరాలు

పెద్ద పోస్టర్లకు వాడే చెక్క అక్షరాలను మా ప్రెస్సులో మొద్దక్షరాలు అనేవాళ్లం. జానెడు ఎత్తు, గట్టి టేకు. తెలుగు అక్షరానికి ఉండే వంపూ సొంపూ వాటికి లేవు. ఇంజన్లూ బోల్టులూ గీసే మనిషెవరో గీసినట్టుండేవి. గీత ఎక్కడా సన్నబడదు, తలకట్టు ఉలితో నరికినట్టు ఆగిపోతుంది. రైసుమిల్లు ప్రారంభానికీ, నాటకానికీ, కుస్తీ పోటీకీ, పశువుల సంతకూ వాటిని మించినవి లేవు. శుభలేఖకు మాత్రం పనికిరావు. "వీటితో పెళ్లికూతురి పేరు కొడితే పెళ్లికొడుకు బందరు కాలవలో దూకుతాడ్రా" అనేవారు మా మేస్త్రీగారు. నాకు అవంటే పిచ్చి. చిన్న అక్షరాలు బతిమాలతాయి, ఇవి గల్లా పట్టుకుని నిలదీస్తాయి.

మేస్త్రీగారిది ఒకటే పట్టు. వాడిన అక్షరాన్ని కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, పెట్టెలో దాని గదిలోనే పెట్టాలి. ఇంకు మరక కనబడిందా, ఇనప స్కేలుతో మెటికల మీద పడేది. నాకు పెళ్లయి కొడుకు పుట్టాక కూడా ఆ దెబ్బలు తప్పలేదు. ఒక్క దెబ్బకు నాలుగు మెటికలూ మండేవి.

యుద్ధం అయిపోయింది గానీ నూలు కంట్రోలు పోలేదు. మంగళగిరిలో మా అన్న మగ్గం నాలుగు నెలలుగా ఖాళీ. నూలు లేక కాదు. మా ప్రెస్సున్న బెజవాడలోనే ఒక షావుకారి గోడౌన్లో బేళ్లకు బేళ్లు ఉన్నాయని మోసిన కూలీలే చెప్పారు. బ్లాకులో కొనే తాహతు మాకెక్కడిది? అన్న వెళ్లి అడిగితే షావుకారి మనుషులు వీధిలో పడేసి తన్నారు. ముందుపళ్లు రెండూ ఊడిపోయాయి. ఆ నోరు చూసొచ్చాక నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం ప్రెస్సుకు సెలవు. అన్నం క్యారియరు లోపల మరిచిపోయానని చెప్పి మేస్త్రీగారి దగ్గర తాళం తీసుకున్నాను. మిట్టమధ్యాహ్నం ఒక్కణ్ణే మొద్దక్షరాలు పేర్చి, చేతిప్రెస్సు మీద అరవై కాగితాలు లాగాను. నూలు దాచినవాడు దొంగ. అంతే. గోడౌను తలుపు మీదే అంటించబోతూ పేరెందుకు? పని అయ్యాక, అలవాటు కొద్దీ, వాడిన అక్షరాలన్నీ శుభ్రంగా కడిగి, తుడిచి, వాటి గదుల్లో పెట్టి, తాళం ఇచ్చేశాను. సందెవేళ నేనూ అన్నా అంటించాం.

సోమవారం పదింటికి, చింపిన పోస్టరు చేత్తో పట్టుకుని ఒక ఇన్‌స్పెక్టరు ప్రెస్సులోకి వచ్చాడు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్లు. యజమాని మద్రాసులో ఉన్నాడు.

"పెద్ద అక్షరాల పెట్టె తియ్యండ్రా" అన్నాడు.

నాకేం భయం వెయ్యలేదు. మరక లేకుండా కడిగాను కదా! పెట్టె తీశాక గానీ నా తెలివి నాకు కనబడలేదు. కాగితం కరువుతో ఆరు నెలలుగా మేం పెద్ద పోస్టరు వెయ్యలేదు. అక్షరాలన్నీ దుమ్ము పట్టి బూడిదరంగులో ఉన్నాయి. వాటి మధ్య నేను కడిగినవి మాత్రం నలుగు పెట్టుకున్న పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు వాటినే ఏరి, పోస్టరు పక్కన పెట్టుకుని, రాతిబల్ల మీద పేర్చాడు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

"ఎవడ్రా ఇది కొట్టింది?"

మేస్త్రీగారు నావైపు చూడలేదు. "తాళం నా దగ్గరే ఉంటదండి. నేనే కొట్టానండి" అన్నారు.

కానిస్టేబుళ్లు ఆయన కుడిచేతిని బల్ల మీద పరిచి అదిమిపట్టారు. ఇన్‌స్పెక్టరు పేర్చినవాటిలోంచి 'గ' అందుకున్నాడు. మొదటి దెబ్బకు చిటికెనవేలు చితికింది.

"ఎవడు కొట్టించాడు?"

"ఎవరూ లేరండి."

పక్క వేలు. ఎండు చితుకు విరిగినట్టు చప్పుడైంది. ఆయన అరిచిన అరుపు నేనింతవరకూ ఇంకెక్కడా వినలేదు. నాలుగో వేలికి వచ్చేసరికి అక్షరం నిండా నెత్తురు. అది పడ్డచోటల్లా రాయి మీద ఎర్రగా 'గ' అచ్చయింది. నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. కొడుకు గుర్తొచ్చి ఊరుకున్నానని తరవాత చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు గుర్తొచ్చినవి నా వేళ్లు.

నెలన్నర తరవాత జైలు నుంచి వదిలిపెడితే మేస్త్రీగారు నేరుగా ప్రెస్సుకే వచ్చారు. కుడిచేతి వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి, ముడవడం రాదు. వస్తూనే మొద్దక్షరాల పెట్టె లాగి చూశారు. కానిస్టేబుళ్లు తిరిగి అందులో పడేసిన అక్షరాలు, నెత్తురు ఎండిన 'గ'తో సహా, ఆవేళ ఉన్నట్టే ఉన్నాయి. నేను ముట్టుకోలేకపోయాను.

"కిరసనాయిలు తేరా" అన్నారు.

"మేస్త్రీగారూ, ఆ రోజు నేను..." అంటూ చేతులు పట్టుకోబోయాను.

ఆయన విదిలించుకుని స్కేలు తీశారు. "కడిగితే పెట్టె మొత్తం కడగాలిరా, బద్ధకపు ఎదవా! వాడినవి కడిగి మిగతావి వదిలేస్తే తెలిసిపోదూ? ఈసారి ఏం కొట్టినా అన్నీ కడుగు" అంటూ నా మెటికల మీద ఒక్కటిచ్చారు.

ఎడమచేత్తో కొట్టారేమో, దెబ్బ గురి తప్పి మణికట్టు మీద పడింది. కుడిచేత్తో అయితే ఆయన ఎప్పుడూ తప్పలేదు.