ఓయివా షెడ్డులో బుధవారాలు

ఓయివా కెత్తునెన్ తన జీవితకాలంలో ఏ మోటారునూ చూసి "బాగుంది" అనలేదు. ఇది అతిశయోక్తి కాదు. జిల్లా కోర్టులో చాలాకాలం న్యాయమూర్తిగా పనిచేసినవాణ్ణి, సాక్ష్యం లేని మాట రాయడం నాకు చేతకాదు. హాపలహ్తి సరస్సు ఒడ్డున ఏ ఇంటికైనా వెళ్లి అడగండి. ప్రతి ఇంటికీ ఒక పడవ, ప్రతి పడవకూ వెనక ఒక మోటారు, ప్రతి మోటారుకూ ఓయివా కనిపెట్టిన ఒక జబ్బు తప్పకుండా ఉంటాయి.

అక్టోబరులో బిర్చ్ చెట్ల ఆకులు రాలడం మొదలవగానే మేమందరం పడవలు ఒడ్డుకు లాగి, మోటార్లు విప్పి, తోపుడు బండ్ల మీద మా పడవల సంఘం షెడ్డుకు తీసుకువెళతాం. ఆ షెడ్డు తాళంచెవి ఓయివా మెడలో ఉంటుంది. ఆవిరిస్నానానికి వెళ్లినా దాన్ని తీయడనీ, వేడికి ఇనుము కాలి అతని ఛాతీ మీద తాళంచెవి ఆకారంలో ఎర్రటి మచ్చ పడిందనీ ఊళ్లో చెప్పుకుంటారు. మొదట నేను నమ్మలేదు. తరువాత మచ్చను స్వయంగా చూశాను.

షెడ్డులో జరిగే కార్యక్రమం ఆసుపత్రిని తలపిస్తుంది. మోటారును మంచినీళ్ల పీపాలో దింపి నడిపిస్తాడు. కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి వింటాడు. మోటారు యజమాని టోపీ చేతిలో పట్టుకుని నిలబడతాడు. అప్పుడు ఓయివా పెట్రోలు గొట్టం ఊడదీస్తాడు. లోపల మిగిలిన కాస్త పెట్రోలూ తాగేసి మోటారు నాలుగుసార్లు దగ్గి ఆగిపోతుంది. పెట్రోలు లేని మోటారు దగ్గక ఏం చేస్తుంది? అయినా ఓయివా మాత్రం యజమాని వైపు జాలిగా చూసి, "విన్నావుగా, ఆ దగ్గు నాకు నచ్చలేదు" అంటాడు.

తరువాత గేరు నూనె పరీక్ష. కింది మర విప్పి, పైమర విప్పి, కారిన నూనెను వేళ్ల మధ్య రాసి వాసన చూస్తాడు. నూనె పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు లెక్క. అది నిజమైన జబ్బే. నూనె నల్లగా ఉంటే ఆరోగ్యం. అప్పుడు ఓయివా నిట్టూర్చి, "ఇంకా తెల్లబడలేదు" అంటాడు.

పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు, అది కూడా చెప్పాలి. నీళ్లను తోసే పంకా ఊడదీసి ఇరుసుకు చుట్టుకున్న గాలపు తీగను పీకేస్తాడు. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో నూనె పోస్తాడు. మోటారును ఎన్నడూ పడుకోబెట్టడు, నిలువుగానే తగిలిస్తాడు. లోపల చుక్క నీరు నిలిచినా జనవరిలో గడ్డకట్టి ఇనుమును చీల్చేస్తుంది. అతని చేతిమీదుగా వెళ్లిన మోటారు వసంతంలో మొరాయించిన దాఖలా నాకు ఒక్కటీ దొరకలేదు.

ఈ అలవాటు మోటార్ల దగ్గర ఆగి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. పాస్టరుగారు ప్రసంగం ఎలా ఉందని అడిగితే, మధ్యలో ఒకచోట బిగుసుకుందన్నాడు. పట్నంలో డాక్టరు గుండె పరీక్షించి దివ్యంగా ఉందని చెబితే దిగాలుపడి తిరిగొచ్చి, ఆ డాక్టరు సరిగ్గా వినలేదని అందరికీ చెప్పుకున్నాడు. యవ్వనంలో ఒక అమ్మాయి, వేసవి నాట్యాల రోజున, కొత్త గౌనులో తానెలా ఉన్నానని అడిగిందట. ఓయివా నిజాయితీగా జవాబిచ్చాడట. ఆవిడ ఇప్పుడు కుయోపియోలో మనవలతో సుఖంగా ఉంది. ఓయివా మాత్రం షెడ్డు వెనక గదిలో ఉంటున్నాడు.

వివాదం మొదలైంది మోటార్ల చికిత్స దగ్గరే. చాలామందికి ఓయివా ఒకటే మాట చెప్పేవాడు: ఇక వెళ్లు, మంచు కరిగాక రా. కొందరికి మాత్రం వేరే మాట చెప్పేవాడు. నీళ్లు లాగే రబ్బరు రెక్కలు ఒకే భంగిమలో ఉంటే వంగిపోతాయనీ, మనిషి చెయ్యి తగలకపోతే లోపలంతా బిగుసుకుపోతుందనీ, అందుకని చలికాలమంతా ప్రతి బుధవారం యజమానే స్వయంగా వచ్చి మోటారు తలమీది చక్రాన్ని చేత్తో తిప్పాలనీ. సూలో పిర్హోనెన్ అలా వచ్చేవాడు. పూర్వం ఇంటింటికీ ఉత్తరాలు పంచిన హిల్కా అలాగే గడ్డకట్టిన సరస్సు మీదుగా వచ్చేది. పోయిన జనవరిలో, షెడ్డు ముందు వాలులో, హిల్కా జారిపడి మణికట్టు బెణికించుకుంది.

దాంతో, ఈ అక్టోబరులో మోటార్లు మళ్లీ షెడ్డుకు చేరే వేళకు రైమో ఫిర్యాదు పెట్టాడు. రైమో హెల్సింకీలో ఉద్యోగం విరమించి మా ఒడ్డున స్థిరపడినవాడు. చెడ్డవాడు కాదు. మోటారుతో వచ్చిన పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివిన ఏకైక మనిషి మా ఊళ్లో అతనే. పెద్దవాళ్లను లేనిపోని చికిత్సకని మంచులో నడిపిస్తున్న మనిషి దగ్గర తాళంచెవి ఉండకూడదనీ, మోటార్లన్నీ పట్నంలో మరమ్మతు కొట్టుకు పంపాలనీ అతని వాదన. సంఘం రెండుగా చీలింది. నన్ను విచారించి తీర్పు చెప్పమన్నారు. తాళంచెవి పోతే ఓయివాకు ఆ షెడ్డూ లేదు, దాని వెనక గదీ లేదు. అది అందరికీ తెలుసు. అయినా జాలి సాక్ష్యం కాదు కనుక నేను దాన్ని పక్కన పెట్టాను.

"జడ్జిగారూ, పుస్తకంలో చలికాలపు అధ్యాయం మొత్తం చదివాను," అన్నాడు రైమో. "నూనె ఉంది, ప్లగ్ ఉంది, పీపా ఉంది. బుధవారం మాత్రం ఎక్కడా లేదండీ."

పట్నంలో మరమ్మతు కొట్టు ఆయనను అడిగాను. ఎప్పుడైనా ఒకసారి తిప్పితే తప్పు లేదన్నాడు. వారం వారం తిప్పాలని చెప్పినవాణ్ణి తనకోసారి చూపించమన్నాడు. రైమో వాస్తవాలు నిలబడ్డాయి. ఇక ఓయివాను పిలిచాను. సూలో మోటారూ పాస్టరుగారి మోటారూ ఒకే ఏడాది ఒకే కొట్లో కొన్నవే కదా అని గుర్తుచేశాను. ఒప్పుకున్నాడు.

"మరి సూలోది వారం వారం తిప్పాలి, పాస్టరుగారిది అక్కర్లేదు. ఎందుకు?"

"పాస్టరుగారిది గట్టి ప్రాణం అండీ."

"అంటే ఆ మోటారు బాగుందంటావు."

ఓయివా గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"బాగుందని నేననలేదండీ," అన్నాడు.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. ఓయివా అబద్ధం ఆడుతున్నాడు, అందులో సందేహం లేదు. కానీ మనిషి ఊరికే అబద్ధం ఆడడు, అందులో ఏదో లాభం ఉంటుంది. వారం వారం వచ్చినవాళ్లకు తన పొయ్యి మీద కాఫీ కాచి పోయడంలో ఇతనికేం లాభం? సూలో మోటారుకు ఈ జబ్బు ఎప్పుడు వచ్చింది? అతని భార్య మార్తా చనిపోయిన శరదృతువులో. హిల్కా మోటారుకు? ఆవిడతో కలిసి ఉన్న అన్నగారిని పట్నం వృద్ధాశ్రమంలో చేర్చిన ఏడాది. ఆరో అనే అడవి పనివాడి మోటారుకు ఆ జబ్బు ఒక్క చలికాలమే ఉంది. అతని చెల్లెలు వచ్చి ఆ ఇంట్లో ఉండసాగిన తరువాత ఓయివాయే ఆ మోటారుకు ఇక తిప్పుడు అక్కర్లేదన్నాడు. దారి మధ్యలో ఆగిపోయాను. అతను రోగ నిర్ణయం చేసింది మోటార్లకు కాదు.

ఇప్పుడు చిక్కు నాది. కారణాలు బయటపెట్టి తీర్పు చెబితే ఓయివా నిర్దోషి అవుతాడు. కానీ తమ మీద ఎవరో జాలిపడుతున్నారని తెలిసిన మరుక్షణం సూలో గానీ హిల్కా గానీ ఆ గడప తొక్కరు. మా సరస్సు మనుషులు పలచటి మంచు మీదైనా నడుస్తారు గానీ జాలి కింద మాత్రం నిలబడరు. నా ఉద్యోగ జీవితంలో కారణాలు రాయని తీర్పు ఒక్కటీ లేదు. మొదటిసారి అలాంటిది చెప్పాను. ఫిర్యాదులోని వాస్తవాలు రుజువయ్యాయి. తాళంచెవి ఓయివా దగ్గరే ఉంటుంది. ప్రతి బుధవారం ఉదయం షెడ్డు ముందు వాలులో ఇసుక చల్లాలి, ఆ పని ఫిర్యాదీ చేయాలి.

రైమో లేచి నిలబడ్డాడు. "కారణాలు చెప్పరా జడ్జిగారూ?"

"ఉన్నాయి. నా దగ్గరే ఉంటాయి."

అతను, ఇసుక ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగాడు. చెడ్డవాడు కాదని ముందే చెప్పాను.

ఆ నెలలోనే మా అమ్మాయికి కవలలు పుట్టారు. నా భార్య ఐలీ చలికాలమంతా ఔలులో ఉండి వాళ్లను చూసుకోవాలని నిశ్చయమైంది. నేను నా మోటారు షెడ్డుకు తీసుకువెళ్లాను. ఓయివా కళ్లు మూసుకుని విన్నాడు. దగ్గు విన్నాడు. నూనె వాసన చూశాడు. ఏళ్ల తరబడి నల్లగానే వస్తున్న నూనె అది.

"ఐలీ అమ్మగారు ఎప్పుడు వెళ్తున్నారండీ?" అన్నాడు మోటారు వైపే చూస్తూ.

"శనివారం."

"దీని సంగతి నాకేం నచ్చలేదు జడ్జిగారూ. బుధవారాలు రావాలి."

అతను చెప్పేది అబద్ధమని నేనే విచారించి తేల్చాను. వస్తానన్నాను.

మొదటి బుధవారం వెళ్లేసరికి వాలు మీద ఇసుక పరిచి ఉంది. లోపల పొయ్యి మండుతోంది. మోటార్లు నిలువుగా వరసలో వేలాడుతున్నాయి. హిల్కా యాలకుల రొట్టె కోస్తూ, తన మణికట్టు బాగుపడిందా అని ఓయివాను అడగవద్దని, అడిగితే కొత్త జబ్బు కనిపెడతాడని నాతో అంది. సూలో నా పక్క మోటారు దగ్గర నిలబడి చక్రం తిప్పుతున్నాడు. ఓయివా కాఫీ గిన్నె దగ్గర ఉన్నాడని చూసుకుని అతను నా వైపు వంగాడు.

"ఇలా తిప్పితే ఒరిగేదేం లేదు, మీకు తెలుసుగా?"

నేను తిప్పడం ఆపాను. "నీకెలా తెలుసు?"

"దుంగలు లాగే ఓడలో ఇంజను గదిలోనే నా వయసంతా గడిచింది జడ్జిగారూ. నాకు చెప్తాడా వీడు? హిల్కాకు మొదటేడే చెప్పేశాను."

"మరి ఈ చలిలో ఎందుకొస్తున్నారు మీరంతా?"

సూలో పొయ్యి వైపు గడ్డంతో చూపించాడు. "చలికాలమంతా వాడికి ఈ ఇనుము తప్ప ఎవరున్నారు? మేం రాకపోతే వీటితోనే మాట్లాడుకుంటూ కూర్చుంటాడు. మేం వాడికోసమే వస్తున్నామని మీరు తీర్పులో ఎక్కడ కక్కేస్తారోనని హిల్కాకు వారం రోజులు నిద్రలేదు."

సాక్షుల్లో సగం మందినే విచారించానన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

"అక్కడేంటి గుసగుసలు?" అన్నాడు ఓయివా పొయ్యి దగ్గరనుంచి.

"ఏం లేదులే," అన్నాడు సూలో తాపీగా. "జడ్జిగారి మోటారు తిరగట్లేదట."

ఓయివా కాఫీ గిన్నె అక్కడే దించేసి, కళ్లద్దాలు తగిలించుకుని, నూనె డబ్బా పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. తాను ముందే చెప్పాననీ, ఆ దగ్గు విన్నప్పుడే అనుకున్నాననీ, ఇలాంటివాటికి ఓపిక కావాలనీ ఒకటే చెబుతున్నాడు. చెడు వార్త విని అంతగా వెలిగిన ముఖాన్ని నేను కోర్టులో ఎన్నడూ చూడలేదు.

నా మోటారు చక్రం వేలితో తోస్తే తిరిగేంత తేలిగ్గా ఉంది. అతను వంగి చెయ్యి వేసేలోగా, నేను వెనకవైపు నుంచి దాన్ని గట్టిగా, కదలకుండా పట్టుకున్నాను.