వాగు దాటి వచ్చిన పాలు

మా చిన్నప్పుడు... తమ్ముణ్ణి చంకనేసుకుని ఊరంతా పరుగెత్తేదాన్ని! వాడికి రెండో నెల, నాకు ఎనిమిదేళ్ళు. నడిచానని ఎవరైనా అంటే నమ్మకండి... ఒకటే పరుగు!

ఎందుకంటారా? మా అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. వారం తిరిగేసరికి పాలు ఇంకిపోయాయి. ఆవుపాలు, బర్రెపాలు... ఏది పట్టినా పిల్లాడు కక్కేశాడు. చివరికి ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేవాడు.

మాది మునగాల పక్కన చిన్న పల్లె. దవాఖానకు పోవాలంటే సూర్యాపేటే దిక్కు. అవేమో నిజాం సర్కారు చివరి రోజులు, దారి పొడుగునా గడబిడ... బండి కట్టే ధైర్యం ఎవరికీ లేదు. మా నాయన కొట్టంలో ఎడ్ల మధ్య కూర్చుని ఏడవడం నేను చూశాను.

అప్పుడు లేచింది మా నాయనమ్మ! కొంగు బొడ్లో దోపి, తమ్ముణ్ణి ఎత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. ఊళ్ళో చంటిపిల్లల తల్లులు అప్పుడు ముగ్గురే. కుమ్మరి లచ్చమ్మత్త, దర్జీ వాళ్ళ చాంద్‌బీ, ఊరి చివర వాడలో కూలికి పోయే మరియమ్మ.

మొదటి రెండు ఇళ్ళకూ చకచకా పోయింది. ఇద్దరూ పాలిస్తామన్నారు, కానీ ఇద్దరి పాలే చాలవు. మూడో ఇంటి ముందు మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. దాచడం ఎందుకు... ఆ వాడలో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి మా నాయనమ్మ.

"మరియమ్మా... పిలగాడు దక్కేటట్టు లేడే. జర నీ పాలియ్యి బిడ్డా" అంది.

"ఇన్నొద్దులు ఎందుకు రాలే పెద్దమ్మా? పసిపోరడు ఎండుకపోతుంటే సూసుకుంట కూసున్నరా? ఇటు తే!" అని మరియమ్మ లాక్కున్నంత పని చేసింది. వాడు గుటకలు వేస్తుంటే నాయనమ్మ గుమ్మంలోనే కూలబడి కళ్ళు తుడుచుకుంది.

ఇక మొదలైంది నా హడావిడి! తమ్ముణ్ణి తిప్పే పని నాదే. మొదటి రోజు ఉత్సాహం పట్టలేక లచ్చమ్మత్త ఇంటి నుంచి తిన్నగా చాంద్‌బీ ఇంటికి, అక్కణ్ణించి మరియమ్మ దగ్గరికి... "పొద్దటి నుంచి ఏం తాగలే అత్తా!" అని ముగ్గురికీ అబద్ధం చెప్పాను! ఎంత తాగితే అంత తొందరగా బాగవుతాడని నా తెలివి. సందె వేళకు పిల్లాడి కడుపు డప్పులా ఉబ్బింది. నాయనమ్మ వాడికి వాము నీళ్ళు పట్టి, నా వీపు విమానం మోత మోగించింది.

అప్పటి నుంచి వంతులు. పొద్దున లచ్చమ్మత్త, మధ్యాహ్నం నాటు మడి దగ్గర మరియమ్మత్త, పొద్దుగూకితే చాంద్‌బీ.

ఒకరోజు నాట్లు వాగు అవతల పడ్డాయి. ఆ పొద్దున లచ్చమ్మత్త పుట్టింటికి త్రిపురారం పోయింది, చాంద్‌బీ తానే జ్వరంతో పడుకుంది. పిల్లాడికి పొద్దటి నుంచి చుక్క పాలు లేవు. వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తానా... పైనెక్కడో వాన కురిసి వాగు ఎర్రగా పొంగుతోంది! అవతల గట్టున మడిలో ఆడవాళ్ళు కనిపిస్తున్నారు. దాటే దారి లేదు.

గొంతు చించుకుని అరిచాను... "మరియమ్మత్తా! తమ్ముడు కండ్లు తెరుస్తలేడే!"

ఆమె చేతిలో నారుకట్ట కింద పడేసింది. పని చేయించే మనిషి గట్టు మీద నుంచి గద్దించాడు, "ఏయ్! నాటు ఇడిసిపెట్టి యాడికే?"

"నారు రేపన్నా పడతది... పిలగాడు ఆగుతడా?" అని ఒకామె ఎదురు తిరిగింది. అంతే! పదిమందీ మడిలోంచి లేచారు! చివరామె తుమ్మచెట్టు పట్టుకుంది, ఆమె చెయ్యి ఇంకొకామె, ఆ చెయ్యి మరొకామె... వరుసగా వాగులోకి దిగారు. ముందు మరియమ్మత్త. నడుము లోతు... రొమ్ము లోతు... ఒకసారి కాలు జారి మునిగింది! వెనకామె చెయ్యి వదల్లేదు. మళ్ళీ లేచింది!

ఒడ్డెక్కి తడిచీరతోనే కూర్చుని తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. ముందు కదల్లేదు... తర్వాత ఒక గుటక... ఇంకో గుటక... "తాగుతుండు!" అని నేను కేక పెట్టానో లేదో, వాగులో నిలబడ్డ ఆడవాళ్ళంతా అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వాడు పాలు వదలగానే ఆమె మళ్ళీ ఆ చేతులే పట్టుకుని అవతలికి పోయింది. అక్కడ చెట్టుకు కట్టిన తొట్టెలలో తన కూతురు ఆకలికి ఏడుస్తోంది మరి.

రెండు నెలలకు అమ్మ లేచి తిరిగింది. తమ్ముడు బతికాడు... మిర్యాలగూడలో బడిపంతులు కూడా అయ్యాడు! మరియమ్మత్తకు ముసలితనంలో ఆపరేషను పడితే దవాఖానలో కాగితం మీద సంతకం పెట్టింది వాడే. అక్కడి గుమాస్తా ఇద్దరి పేర్లూ చూసి, "ఈమె నీకేమైతది?" అని అడిగాడట.

"మా అమ్మ."

"సొంత అమ్మనా?"

"ఈమె లేకుంటే నేనే లేను సార్. ఇగ మీరేం రాసుకుంటరో రాసుకోండ్రి" అన్నాడట మా వాడు!

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంట్‌లో ఎదురు తలుపు వెనక ఒక బాలింత ఉందట. బిడ్డ పుట్టి మూడు నెలలైందట. నాకు మొన్న లిఫ్టులో ఎవరో అనుకుంటుంటే తెలిసింది... సిగ్గేసింది.

ఇది నా మనవరాలితో టైపు చేయిస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా వేరే తల్లి పాలు తాగి బతికారా? ఉంటే ఆమె పేరు కింద రాయండి. ఏ కాగితంలోనూ లేని ఆ తల్లుల పేర్లు ఇక్కడైనా ఉండనీయండి...