ఎర్ర సిరా గీత

మొన్న ఆదివారం మా మనవరాలు సీతమ్మధారలోని మా ఇంటికొచ్చి, దువ్వాడ దగ్గర బడిలో తనకు టీచరు ఉద్యోగం వచ్చిందని, చేరేముందు ఏ పుస్తకాలు చదవమంటావు తాతయ్యా అని అడిగింది. పుస్తకాల గురించి ఎవరైనా అడిగితే గంటసేపు వదలని మనిషిని, ఆ రోజు మాత్రం బీరువా తలుపు తీసి అలాగే నిలబడిపోయాను.

డెబ్బైల చివర్లో మల్కాపురంలో ఒక చిన్న బడిలో చేరాను. ట్రైనింగు సర్టిఫికెట్టు ఉన్నా, నా అసలు చదువంతా గ్రంథాలయం బల్లల మీదే సాగింది. పిల్లల మనస్తత్వం మీద, క్రమశిక్షణ మీద అక్కడున్నవన్నీ నోట్సు రాసుకుని మరీ చదివానన్న గర్వం నాది. చేరిన రోజున మా పెద్ద పంతులమ్మగారు హాజరుపట్టీ చేతికిస్తూ, ఏ పేరైనా కొట్టేసేముందు ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లి చూసి రమ్మన్నారు. ఆవిడ నా అంత చదవలేదు కదా అనుకున్నాను.

నా ఐదో తరగతిలో ఒక పోర్టు కళాసీ కూతురుండేది. రిఫైనరీ వాసనకు సగం క్లాసు దగ్గుతున్నా తలెత్తకుండా చదివే పిల్ల. నా గ్రంథాలయం కార్డు మీద తెచ్చిన కథల పుస్తకం కూడా ఇచ్చాను. అలాంటిది వారం రోజులు రాలేదు. వచ్చాక ఎందుకు రాలేదంటే చేతులు వెనక్కి పెట్టుకుని నేల చూసింది. క్లాసందరి ముందూ అది నాకు మొండితనంగా కనబడింది. మీ నాన్నను తీసుకొస్తేనే లోపలికి రా అన్నాను, ఆ రోజుల్లో మనమంతా అనే మాటే. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. వరసగా ఇన్ని రోజులు రాకపోతే పేరు తీసేయాలన్న రూలు ప్రకారం, స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో ఆ పేరు మీద గీత గీశాను. పెద్ద పంతులమ్మగారి మాట గుర్తు రాలేదని అనను, వచ్చింది. సాయంత్రం ఆ ఇంటికి వెళితే ఈలోగా గ్రంథాలయం మూసేస్తారని వెళ్లలేదు.

కొన్నాళ్లకు ఆ పిల్ల నాయనమ్మ నా పుస్తకాన్ని కాగితంలో చుట్టి పట్టుకొచ్చింది.

"నీ పుస్తకం బాబూ, ఇచ్చీమంది. తండ్రిని తెమ్మన్నావంట గదా, ఆడి మీద మూటలు పడి నడుం ఇరిగిపోనాది, మంచం దిగలేడు. ఎలాగ తెత్తాది, ఎత్తుకుని తెత్తాదేటి?"

రేపటి నుంచి పంపమని బతిమాలాను.

"ఇంకేటి పంపుతాను బాబూ, రొయ్యల షెడ్డుకి ఎల్తంది" అంది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే వెళ్లాను. బడి నుంచి ఆ ఇల్లు పది నిమిషాల నడక. తండ్రి మంచం పక్కన నిలబడిన ఆ పిల్ల, ఐసులో రొయ్యలు ఒలిచి తెల్లగా నాని చిట్లిన వేళ్లను నన్ను చూడగానే వెనక్కి పెట్టుకుంది, ఆ రోజు క్లాసులో నిలబడినట్టే. హాజరుపట్టీలో అట్టడుగున ఆ పేరు మళ్లీ రాశాను గానీ, ఏడాది చివరిదాకా దాని పక్కన గైర్హాజరే పడింది.

ఇదంతా చెప్పి, మనవరాలిని ఏ పుస్తకమూ ఇవ్వకుండానే పంపాను. ఇప్పుడు పిల్లలు ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వస్తారట, ఇంటికి వెళ్లే పని లేదట, హాజరు కూడా ఫోనులోనే వేస్తారట. పేరు తీసేయాలన్నా వేలితో తాకితే చాలేమో. మన కాలంలో సిరాలో కలం ముంచి, స్కేలు సర్దుకుని, గీత పూర్తయ్యేలోగా చెయ్యి ఆపుకోవడానికి కాస్త వ్యవధి ఉండేది. ఆ కాస్త వ్యవధిలోనూ నా చెయ్యి ఆగలేదు.