రెండోసారి అడగని ఇంగ్లీషు

మొన్న మణుగూరులో మా చెల్లెలి ఇంటికి పోయినప్పుడు దాని మనవరాలు నా పక్కనే కూర్చుని ఫోనులో ఇంగ్లీషు నేర్చుకుంటోంది; ఎవరో మీకు టీ ఇస్తామన్నారు, మర్యాదగా ఏమనాలి అని ఫోను అడిగి కింద మూడు వాక్యాలు చూపిస్తే, ఆ పిల్ల క్షణమైనా ఆలోచించకుండా "యెస్ ప్లీజ్" అన్నదాని మీద వేలు పెట్టింది, వెంటనే పచ్చటి గుర్తు వెలిగింది. నేనైతే "నో థాంక్యూ" అన్నదాని మీద పెట్టి ఉండేవాణ్ణి. మన ఈడువాళ్లలో ముప్పై దాటాక ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లు ఉంటే నా బాధ అర్థమవుతుంది. మిగిలినవాళ్లు నన్ను చాదస్తుడనుకున్నా అభ్యంతరం లేదు, అంతకంటే పెద్ద మాటలే పడ్డాను, పడ్డ ప్రతి మాటా ఎవరన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో ఇప్పటికీ చెప్పగలను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, మణుగూరుకూ భద్రాచలానికీ మధ్య అడవిలో ఉన్న మా పల్లెల్లో జ్వరాలు ఎక్కువయ్యాయని ఒక స్వచ్ఛంద సంస్థ వచ్చింది. పదో తరగతి దాకా హాస్టల్లో చదివాను, తెలుగూ కోయ మాటా రెండూ వచ్చు, అందుకని ఊళ్లు చూపించడానికీ జనాన్ని మాట్లాడించడానికీ నన్ను రోజుకూలికి పెట్టుకున్నారు. వాళ్ల పెద్ద మేడం వేరే రాష్ట్రం మనిషి, తెలుగు రాదు. ఆమె ఇంగ్లీషును ఖానాపురం హవేలి నుంచి వచ్చిన ఒక గుమస్తాగారి అబ్బాయి తెలుగు చేస్తే, ఆ తెలుగును నేను మా మాటలోకి తెచ్చేవాణ్ణి. జవాబు మళ్లీ అదే దారిన వెనక్కి పోయేది. జ్వరంతో వణుకుతూ ఒక ముసలమ్మ అరగంట చెప్పుకున్న బాధ, ఆ అబ్బాయి నోటి దగ్గరికి వచ్చేసరికి రెండు ముక్కలయ్యేది. అది చూడలేకే నేను ఇంగ్లీషు నేర్చుకోవాలనుకున్నాను, ఎవరి మీదో పోటీకి కాదు.

మణుగూరు బస్టాండు దగ్గర ఒక కిరాయి గదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే సారు ఉండేవాడు. వారానికి మూడు సాయంత్రాలు పోయి బొగ్గుగనుల కాలనీ పిల్లల వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. సారు ఒక్కనాడూ నన్ను పేరుతో పిలవలేదు, "ఓ అడివీ, నువ్వు చెప్పు" అనేవాడు, పిల్లలు నవ్వేవాళ్లు. ముందు బెంచీ ఎడమ చివర కూర్చునే నీలం చొక్కా అబ్బాయి అందరికంటే ఎక్కువసేపు నవ్వేవాడు. అయినా సారు చెప్పిన ఒక సూత్రం మాత్రం గట్టిగా పట్టుకున్నాను: మర్యాద పెరిగే కొద్దీ ఇంగ్లీషు వాక్యం పొడుగవుతుంది. అందుకని ఒక నోటుబుక్కును మూడు భాగాలు చేసి, చిన్నవాళ్లతో అనేవి, సాటివాళ్లతో అనేవి, పెద్దవాళ్లతో అనేవి విడివిడిగా రాసుకుని, అడవిదారిలో సైకిలు తొక్కుతూ మూడో భాగాన్ని పైకి చదువుకునేవాణ్ణి.

ఆ ఏడు వానలకు ముందు భద్రాచలం ఆఫీసులో ఒక పర్మినెంటు కొలువు ఉందని తెలిసింది. నెల జీతం, ఆఫీసు వెనకే ఉండటానికి గది. జీతం కంటే ఆ గది మీదే నా ప్రాణం ఉండేది, ఎందుకంటే మా అమ్మకు ఆయాసం, వానాకాలం వాగు పొంగితే మా పల్లె నుంచి దవాఖానాకు దారే ఉండదు, భద్రాచలంలో ఉంటే నడిచి పోయేంత దూరం. ఒకనాడు మధ్యాహ్నం మేడం నన్ను ఆఫీసు వరండాలోకి పిలిచి, పక్కనే తెలుగు చేసే ఆ గుమస్తాగారి అబ్బాయి ఉన్నా అతని సాయం తీసుకోకుండా, నాతోనే నేరుగా ఇంగ్లీషులో, ఈ కొలువు నీకివ్వాలనుకుంటున్నాం, చేస్తావా అని అడిగింది. ప్రతి మాటా నాకు అర్థమైంది, ఈ సంగతి నేను ఎక్కడైనా ఒట్టేసి చెబుతాను. మూడో భాగంలో ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగాటి వాక్యం వెతుక్కుని, "నో థాంక్యూ మేడం, ప్లీజ్ డోంట్ ట్రబుల్ యువర్‌సెల్ఫ్ ఫర్ మీ" అని తడబడకుండా చెప్పి తల వంచుకుని నిలబడ్డాను.

మా పల్లెలో పెద్దవాళ్లు మంచిదేదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. సంబంధం అడగవచ్చినా, ఊరి పెద్దరికం అప్పగిస్తామన్నా అంతే. మొదటి పిలుపుకే చెయ్యి చాచినవాణ్ణి ఆశపోతు అంటారు. అడిగినవాళ్లు రెండోసారి అడుగుతారు, మూడోసారి గట్టిగా అంటారు, అప్పుడు సరేనంటాం. మేడం నవ్వి, అర్థమైందని చెప్పి, లోపలికి పోయింది. వారం తిరక్కుండా ఆ కొలువు ఖానాపురం హవేలి అబ్బాయికిచ్చారు, అతను మొదటిసారికే యెస్ అన్నాడట.

నేను వద్దన్న రోజు సాయంత్రమే ఇంట్లో జరిగింది చెబితే అమ్మ సంతోషించింది. "మంచిగన్నవ్ బిడ్డా. మల్ల అడుగుతరు తియ్" అన్నది. చెల్లెలు మాత్రం మణుగూరు నుంచి వచ్చి మరీ నన్ను తిట్టింది.

"ఏందన్నా, కొలువొద్దన్నవంట? జల్దీ పోయి కావాల్నని చెప్పు. కాళ్లరిగిపోతయా?"

"అడిగినోళ్లే మల్ల అడగాలె."

"ఆళ్లకేం తెలుసు నీ మర్యాద? గట్లనే కూసో, ఆళ్లొచ్చి నెత్తిన పెడ్తరు."

కొలువు దొరికినవాడు కూడా ఊరుకోలేదు. "కొలువంటే లెక్కనే లేదు గదా నీకు! పెద్దమేడంకు మొఖం మీదనే వద్దంటివి, నాకైతే చెమటలు పట్టినయ్" అని జీపు డ్రైవరు ముందే అన్నాడు. వెటకారం కాదని, నిజంగానే అట్లా అనుకున్నాడని ఇప్పుడు తోస్తుంది, కాని క్షమించాలని మాత్రం తోచదు.

అప్పుడు కూడా దారి మూసుకుపోలేదు, కొలువు కాకపోతే ఇంకో పని ఉండేది. కాని వద్దన్నవాడే పోయి ఇమ్మనడం మా దగ్గర అడుక్కోవడం కింద లెక్క. మళ్లీ ఒకసారి అడగండి అని మర్యాదగా చెప్పే వాక్యం కోసం నోటుబుక్కంతా వెతికాను. టైం అడగడానికి ఉంది, సెలవు అడగడానికి ఉంది, చావింటికి పోతే అనడానికీ ఉంది, ఇది లేదు. సిగ్గు విడిచి సారునే అడిగాను.

"పార్డన్ అను, మల్ల చెప్తరు."

"అది ఇనపడనప్పుడు కద సార్. నాకు ఇనపడ్డది."

"ఇనపడ్డంక మల్ల ఎందుకడుగుతర్రా అడివీ?"

పిల్లల నవ్వుల మధ్య బెంచీ మీంచి లేచి వచ్చినవాణ్ణి మళ్లీ పోలేదు.

మేడం తర్వాత కూడా మా ఊళ్లకు వచ్చింది. జీపు దిగగానే ఎదురుగా నిలబడేవాణ్ణి. ఎట్లా ఉన్నావని అడిగేది, "ఫైన్, థాంక్యూ మేడం" అనేవాణ్ణి, ఆమె సంతోషంగా ముందుకు పోయేది. నేను ఫైన్ కాదని అనొచ్చని నాకెవ్వరూ నేర్పలేదు. జీపు చప్పుడు వినపడితే చాలు, అమ్మ మంచంలోంచే, అడిగిన్రా బిడ్డా అనేది. ఇంకా లేదనేవాణ్ణి. రెండో వానాకాలం వాగు నాలుగు రోజులు దిగలేదు, మూడో రోజున అమ్మ పోయింది. మరుసటి ఏడు ఆ సంస్థ కూడా వెళ్లిపోయింది. మా ముసలమ్మల జ్వరాలు ఎన్ని ముక్కలై ఆ కాగితాలకెక్కాయో తెలియదు.

తప్పెవరిదని చెల్లెలు ఇప్పటికీ నన్నే అంటుంది. నేనొప్పుకోను. ఒక మనిషి వద్దన్నాడంటే అది నిజంగా వద్దా అని మరోసారి అడగడానికి ఎంతసేపు పడుతుంది? అయితే ఈ మధ్య నాకొక భయం పట్టుకుంది, ఎవరినని నిందించను అని. పోయిన వేసవిలో మా పల్లెలోనే పెళ్లి జరిగింది, అన్నీ మా మనుషులే, ఇంగ్లీషు ముక్క ఎవరికీ రాదు. బంతిలో కూర్చున్నాను. కూర వడ్డించే పిల్లగాడు వచ్చి, వేయనా తాతా అన్నాడు. వద్దులే బిడ్డా అన్నాను. వాడు గరిటె అటే తిప్పి పక్క విస్తరి దగ్గరికి పోయాడు. బంతి చివరిదాకా చూశాను, పిల్లలంతా మొదటిసారికే వేయమంటున్నారు, వద్దన్నవాళ్లను ఎవరూ రెండోసారి అడగటం లేదు. ఉట్టి అన్నమే తిని లేచాను.