డాష్‌బోర్డులో గుండ్రటి కంత

స్పేర్ పార్టుల సందు చివర రేకుల కొట్టు ఆమెది. పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ మీటరక్కే. ముల్లు విరిగినవి, తీగ తెగినవి, వాన నీళ్లు తాగినవి, ఏ బండి స్పీడు మీటరైనా ఆమె చేతిలో పడితే కోలుకునేది. నోరు మాత్రం ఏ పట్టకారుకీ లొంగేది కాదు. "కాస్త తగ్గి మాట్లాడవే" అన్న మొగుడికి, "నువ్వు కాస్త పెంచు, సరిపోతుంది" అని చెప్పిన మనిషి.

ఆ మధ్యాహ్నం తమ్ముడు తాతలకాలం నాటి కారొకటి తెచ్చి కొట్టు ముందు ఆపాడు. హోటలు అతిథులను ఊరు తిప్పే కారు. వాడు దాని డ్రైవరు. ఇత్తడి దీపాలు తళతళలాడుతున్నాయి. చెక్క డాష్‌బోర్డులో మీటరుండాల్సిన చోట మాత్రం గుండ్రటి కంత. మీటరు పెట్టించండి సార్ అని వాడు ఏడాదిగా మొత్తుకుంటుంటే, "చెవుల్లేవట్రా? ఇంజను చప్పుడు విను" అని యజమాని నవ్వేవాడు. పోయినవారం మలుపులో వీధి ఊడ్చే ఆవిడను ఈ కారే గుద్దింది. ఆవిడ కాలు విరిగి ఆస్పత్రిలో ఉంది.

"ఇవాళే బిగించాలక్కా" అంటూ తమ్ముడు గుడ్డలో చుట్టిన పాత మీటరు అందించాడు.

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందన్నమాట మీ అయ్యగారికి!"

ఆమె కారు కిందికి దూరింది. గేరుపెట్టెకు తీగ తగిలించే చోట బిరడా గ్రీజుతో, దుమ్ముతో అట్టకట్టుకుపోయి, సుత్తితో తడితే గానీ ఊడలేదు. తీగ ఒక కొస అక్కడ బిగించి, రెండో కొస మెలిపడకుండా డాష్‌బోర్డు వెనక్కి లాగి, మీటరుని కంతలో కూర్చోబెట్టింది. సందులో ఒక చుట్టు తిరిగొచ్చారు. ముల్లు వణక్కుండా లేచింది, దిగింది. ఆమెకు ముచ్చటేసింది.

అంతలో ఫోను. యజమాని.

"అయిందామ్మా? అద్దం తుడవకు. స్క్రూలకి కాస్త మట్టి పుయ్యి. ఎప్పట్నుంచో ఉన్నట్టే కనిపించాలి. రేపు బండి చూడ్డానికొస్తారు."

ఫోను పెట్టేసి తమ్ముడి వైపు తిరిగింది. "ఎవర్రా వచ్చేది?"

"పోలీసులు" అన్నాడు వాడు చెప్పుల వంక చూస్తూ. "కేసు యజమానే చూసుకుంటాడట. ఉద్యోగం ఉంచుతాడట."

"ఒరేయ్ మట్టిబుర్రా! మీటరు లేని బండిని రోడ్డెక్కించింది ఆయన. ఇది బిగిస్తే ఆ తప్పు మాయం. కళ్లెదుట ముల్లు కనిపిస్తున్నా వీడే స్పీడు పెంచాడంటాడు. జైలుకి నువ్వు, ఆ సీట్లోకి ఇంకొకడు!"

"ఉద్యోగం పోతే ఇల్లెట్లా గడుస్తుందే?"

"జైల్లోంచి గడుపుతావా? నిజం చెప్పు, అప్పుడెంత వేగంలో ఉన్నావు?"

"తెలీదక్కా. ఒట్టు, నాకు తెలీదు."

"ఆ మాటే చెప్పు అక్కడ. గుద్దింది నువ్వే, దానికి తలవంచు. ఆయన తప్పుకి కాదు. ఆస్పత్రిలో ఉన్నావిడ మొహమైనా చూశాడా ఆయన? స్క్రూలకి మట్టి పుయ్యమనడానికి మాత్రం తీరికుంది!"

స్క్రూడ్రైవరు అందుకుంది. బిగించిన చేతులే ఒక్కో స్క్రూ ఊడదీశాయి. తీగ లాగేసింది, బిరడా మళ్లీ కొట్టింది. ఫోను మోగింది. "మీ మీటరు నా బల్లమీదుంది. మట్టి మీరే వచ్చి పూసుకోండి" అని పెట్టేసింది.

"పద, స్టేషనుకి."

"రేపు కదా వాళ్లొచ్చేది?"

"రేపటికి ఆయనకి ఇంకో కొట్టు దొరుకుతుంది. ఎక్కు!"

తమ్ముడు బండి తీశాడు. నత్తనడక. వెనక హారన్లు చెవులకి చిల్లులు పొడుస్తున్నాయి. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "మీటరు లేని బండి, ఆగలేరా!" అని అరిచింది. కంతలోంచి ఇంజను వేడి సూటిగా మొహానికి కొడుతోంది. ఆమె పక్కకి జరగలేదు.